వినే ముఖం: బెర్గ్‌మన్ 'ఆటమ్ సొనాటా'లో తల్లీకూతుళ్ళ సంభాషణ – పరిశీలన

వ్యాససంగ్రహం

స్వీడిష్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ రూపొందించిన 'ఆటమ్ సొనాటా' (1978) చిత్రాన్ని తల్లిపై కూతురు జరిపే విచారణగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఈ వ్యాఖ్యానంలో తల్లి ముద్దాయి, కూతురు సాక్షి, ప్రేక్షకుడు న్యాయమూర్తి. సంభాషణలను మాత్రమే ప్రమాణంగా తీసుకున్నప్పుడు ఇది సమంజసంగానే తోస్తుంది. దృశ్యరచనను, సంగీతాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే చిత్రం బరువంతా వినే వ్యక్తి ముఖంపై నిలిచి ఉందని గ్రహించవచ్చు. ఎవరు ఎవరిని వినగలుగుతున్నారు, ఎవరి మాట ఎవరికీ చేరడం లేదు అనే కోణం నుంచి చిత్రంలోని ప్రధాన ఘట్టాలను విశ్లేషించడం, కూతురి ఆరోపణలలో చోటు చేసుకోని తండ్రి ప్రసక్తిని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇంగ్మార్ బెర్గ్‌మన్, ఆటమ్ సొనాటా, తల్లీకూతుళ్ళ సంబంధం, మాతృత్వం, చలనచిత్ర విమర్శ, శ్రవణం, ఊనిశె ఏప్రిల్.

ప్రవేశిక

తల్లీకూతుళ్ళ ఘర్షణ చలనచిత్రాలకు కొత్త వస్తువు కాదు. కింగ్ విడార్ తీసిన 'స్టెల్లా డల్లాస్' (1937), మైకేల్ కర్టిజ్ తీసిన 'మిల్‌డ్రెడ్ పియర్స్' (1945) వంటి హాలీవుడ్ చిత్రాలలో తల్లి తనను తాను కరిగించుకుని కూతురిని నిలబెడుతుంది. కూతురు ఆ త్యాగాన్ని గుర్తించదు, లేదా చాలా ఆలస్యంగా గుర్తిస్తుంది. కష్టపడిన తల్లి, కృతజ్ఞత లేని కూతురు అన్న ఈ చట్రం ప్రేక్షకుడికి సుఖమైనది. ఎవరి పక్షాన కన్నీరు పెట్టాలో అందులో ముందే నిర్ణయమై ఉంటుంది.

బెర్గ్‌మన్ ఈ చట్రాన్ని తలకిందులు చేశాడు. ఆయన చిత్రంలోని తల్లి త్యాగమూర్తి కాదు, కళాకారిణి. ఊరూరా, దేశదేశాలా కచేరీలు చేసే పియానో విద్వాంసురాలు. కూతురు ఇంట్లో మిగిలిపోయిన పిల్ల. త్యాగం చేయని తల్లిని ఎలా చూడాలి? స్త్రీ తన విద్యకు జీవితాన్ని అంకితం చేయడం నేరమేనా? అదే పని పురుషుడు చేసినప్పుడు అడగని ప్రశ్నలను ఆమెను మాత్రమే అడగడం న్యాయమా? స్త్రీవాద దృష్టితో చిత్రాన్ని చూసినవారికి ఎదురయ్యే ప్రధానమైన అభ్యంతరం ఇదే. అభ్యంతరం బలమైనది. దాన్ని దాటవేసి ఈ చిత్రాన్ని మెచ్చుకోవడం కుదరదు.

నిర్మాణ నేపథ్యం

1976 జనవరిలో స్టాక్‌హోమ్‌లోని రాయల్ డ్రమాటిక్ థియేటర్‌లో స్ట్రిండ్‌బెర్గ్ నాటకం రిహార్సల్‌లో ఉండగా బెర్గ్‌మన్‌ను పన్ను ఎగవేత ఆరోపణపై పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. తరువాత ఆ ఆరోపణ వీగిపోయినా, ఆ అవమానంతో ఆయన స్వీడన్ విడిచి మ్యూనిక్‌లో స్థిరపడ్డాడు. 'ఆటమ్ సొనాటా' ఈ ప్రవాసకాలపు చిత్రం. సంభాషణలు స్వీడిష్‌లో ఉన్నా, చిత్రీకరణ 1977లో నార్వేలో, ఓస్లో సమీపంలోని స్టూడియోలో జరిగింది. ఛాయాగ్రహణం ఆయనకు చిరకాల సహచరుడైన స్వెన్ నిక్విస్ట్‌ది.

తల్లి షార్లెట్ పాత్రను ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, కూతురు ఎవా పాత్రను లివ్ ఉల్‌మన్ పోషించారు. ఇంటిపేరు ఒకటే అయినా దర్శకుడికీ ఇంగ్రిడ్‌కూ బంధుత్వం లేదు. ఇద్దరూ కలిసి పనిచేసిన చిత్రం ఇదొక్కటే. ఇంగ్రిడ్‌కు ఇదే చివరి వెండితెర చిత్రం. అప్పటికే ఆమె క్యాన్సర్‌తో పోరాడుతున్నది.

ఆమె ఎంపికలో మరొక పొర ఉంది. 1949లో ఇటాలియన్ దర్శకుడు రోబెర్తో రొస్సెల్లీనితో పనిచేయడానికి వెళ్ళిన ఇంగ్రిడ్ ఆయనతోనే ఉండిపోయింది. పదేళ్ళ కూతురు పియా అమెరికాలో తండ్రి వద్ద మిగిలింది. 1950లో అమెరికా సెనేట్‌లో ఒక సభ్యుడు ఆమె నీతిని బహిరంగంగా దుయ్యబట్టాడు. కూతురిని విడిచి వెళ్ళిన తల్లిగా లోకం ఒకసారి విచారించిన స్త్రీ, దాదాపు మూడు దశాబ్దాల తరువాత అదే నేరారోపణను తెరమీద ఎదుర్కొన్నది. ఏడేళ్ళు బిడ్డలను చూడకుండా ఉండే తల్లి ఉంటుందా అని ఆమె స్క్రిప్టు విషయంలో దర్శకుడితో వాదించింది. ఆ వాదాల ప్రస్తావన 1980లో వెలువడిన ఆమె ఆత్మకథలో ఉంది. నటి చేసిన ఈ ప్రతిఘటన షార్లెట్ పాత్రకు మేలే చేసిందనాలి. ఆమె హుందాతనం, హాస్యం, తనను తాను సమర్థించుకునే చురుకు లేకపోతే షార్లెట్ కేవలం దోషిగా మిగిలిపోయేది.

కథావస్తువు

నార్వే గ్రామీణ ప్రాంతంలోని ఒక చర్చి నివాసం. ఎవా అక్కడి పాస్టర్ విక్టర్ భార్య. వారి ఒక్కగానొక్క కొడుకు ఎరిక్ నాలుగేళ్ళు నిండకముందే నీటిలో మునిగి చనిపోయాడు. తల్లి జీవనసహచరుడు లియొనార్డో మరణించాడని తెలిసి, కొన్నాళ్ళు తన ఇంట్లో ఉండమని ఎవా ఉత్తరం రాస్తుంది. ఏడేళ్ళ తరువాత షార్లెట్ వస్తుంది. క్షీణింపజేసే వ్యాధితో మాట, నడక కోల్పోయిన రెండో కూతురు హెలెనాను ఎవా చికిత్సాలయం నుంచి తన ఇంటికే తెచ్చుకుందన్న సంగతి ఆమెకు వచ్చాకగాని తెలియదు. మొదటి సాయంత్రం భోజనం, పియానో. ఆ రాత్రి పీడకలతో లేచిన తల్లికీ, అలికిడి విని వచ్చిన కూతురికీ మధ్య తెల్లవారేదాకా సాగే ఘర్షణ. మరునాడు తల్లి వెళ్ళిపోతుంది. ఎవా మరొక ఉత్తరం రాస్తుంది. బయటి సంఘటనలు ఇంతే.

చిత్రం ఆరంభంలోనే విక్టర్ కెమెరా వైపు తిరిగి మాట్లాడతాడు. వెనుక గదిలో ఎవా ఉత్తరం రాసుకుంటూ ఉంటుంది. తాను చూస్తున్నట్టు తెలియకుండా భార్యను చూడటం తనకు అలవాటని అతను చెబుతాడు. ఆమెను మనసారా ప్రేమిస్తున్నానని ఆమె నమ్మేలా చెప్పాలని ఉన్నా, అందుకు తగిన మాట దొరకదని కూడా చెబుతాడు. ప్రేక్షకులు దీన్ని సాధారణంగా పరిచయవాక్యంగా భావించి ముందుకు సాగుతారు. నిజానికి చిత్రానికి తాళంచెవి ఇక్కడే ఉంది. ప్రేమ లేకపోవడం ఎవా సమస్యగా పైకి కనిపిస్తుంది. ఎదుటివారి ప్రేమ తన చెవిని చేరకపోవడం అంతకన్నా లోతైన సమస్య. రాత్రి ఘట్టంలో ఆమె తల్లిపై మోపే ఆరోపణ కూడా ఇటువంటిదే. కాబట్టి తల్లి దగ్గర ఉన్న లోపం కూతురి దగ్గర లేదని చిత్రం మొదటి నిమిషం నుంచే చెప్పడం లేదు.

షోపాన్ ప్రెల్యూడ్ ఘట్టం

భోజనం తరువాత తల్లి కోరికపై ఎవా షోపాన్ రచించిన ఎ మైనర్ ప్రెల్యూడ్ వాయిస్తుంది. షోపాన్ ఇరవై నాలుగు ప్రెల్యూడ్‌లలో ఇది రెండవది. ఒకటి రెండు నిమిషాలలో ముగిసే చిన్న రచన. ఎడమచేతి స్వరాలు మొదటి నుంచీ పరస్పరం ఒరుసుకుంటూ, శ్రావ్యత అనదగినది చెవికి అందీ అందకుండా సాగుతాయి. వేగంగా వాయించవలసిన కష్టం ఇందులో లేదు. అందుకే ఎవా వంటి ఔత్సాహికురాలు దీన్ని ఎంచుకోగలిగింది. సులభంగా కనిపించడమే ఇందులోని ఉచ్చు.

ఎవా వాయిస్తున్నంతసేపూ కెమెరా షార్లెట్ ముఖంపై నిలుస్తుంది. ఆ ముఖంలో జాలి, ఇబ్బంది, వృత్తికళాకారిణికి సహజమైన అసహనం, ఎక్కడో ఒక మూల పాతబడిన వాత్సల్యం ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. తరువాత ఎవా అభిప్రాయం అడుగుతుంది. తల్లి తప్పించుకోజూస్తుంది. కూతురు వదలదు. అప్పుడు షార్లెట్ పక్కన కూర్చుని, ఈ రచనలో ఉన్నది అణచిపెట్టిన బాధ అని, దానిని కలలు కనే మెత్తదనంతో వాయించరాదని, భావానికీ భావుకత్వానికీ మధ్య పెద్ద అగాధం ఉందని వివరిస్తుంది. వింటున్నవారిని మెప్పించే ఉద్దేశం లేకుండా, దాదాపు కర్కశంగా వినిపించాలన్నది ఆమె తీర్పు. ఆపైన తానే వాయించి చూపుతుంది.

ఈసారి తెరపై రెండు ముఖాలు. తల్లి ముఖం పక్కవాటుగా, స్వరపీఠం వైపు. కూతురు ముఖం తల్లి వైపు. ఎవా చూపు తల్లి చేతులపై నిలవదు. పాఠం నేర్చుకునే శిష్యురాలు గురువు వేళ్ళను చూస్తుంది. ఎవా మాత్రం తల్లి ముఖాన్నే చూస్తూ ఉంటుంది. ఇంత సంయమనంతో బాధను పట్టుకోగల మనిషి తన బాధను ఒక్కసారైనా ఎందుకు పట్టుకోలేకపోయింది? ఉల్‌మన్ కళ్ళలో ఈ ప్రశ్న స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్క మాటా లేని ఈ చిత్రణ చలనచిత్ర చరిత్రలో నటన గురించి మాట్లాడే ప్రతి సందర్భంలోనూ ప్రస్తావనకు రావడంలో వింత లేదు.

ఒక సాంకేతిక వివరం ఇక్కడ గమనించదగినది. తల్లి వాయింపు, కూతురు వాయింపు రెండూ ఒకే కళాకారిణివి. దర్శకుడి మాజీ భార్య, ఎస్తోనియాలో జన్మించిన పియానిస్ట్ కేబీ లారెతెయ్ రెండు పద్ధతులలోనూ వాయించింది. ఒకే చేతి నుంచి రెండు మనస్తత్వాలు వినిపించాలి. కూతురిది తడబాటు తప్ప తప్పు కాకూడదు, తల్లిది పాండిత్యం తప్ప ప్రదర్శన కాకూడదు. ఆమె ఈ తేడాను చూపగలగడం వల్లనే ఘట్టం నిలబడింది.

విచారణవాదులు ఈ ఘట్టాన్ని తల్లి క్రౌర్యానికి తొలి నిదర్శనంగా చూపుతారు. కూతురు ఆశగా వాయిస్తే పాఠం చెప్పి అవమానించిందని వారి మాట. అవమానం నిజమే. కాని సంగీతం గురించి షార్లెట్ చెప్పిన ప్రతి మాటా సరైనదన్నది కూడా నిజం. పైగా చిత్రంలో ఆమె ఎక్కడైనా పూర్తి నిజాయితీతో మాట్లాడిందంటే అది ఇక్కడే. కూతురిని తనతో సమానురాలైన కళాకారిణిగా భావించి మాట్లాడిన క్షణం కూడా ఇదొక్కటే. తల్లి ఇవ్వగలిగిన అత్యుత్తమమైనదే కూతురిని అత్యంత తీవ్రంగా గాయపరిచింది. ఈ విషాదాన్ని క్రౌర్యం అనే మాటతో సరిపెట్టడం కష్టం.

రాత్రి సంభాషణ

నడిరాత్రి ఘట్టం చిత్రానికి హృదయం. ద్రాక్షసారాయి ఇచ్చిన ధైర్యంతో ఎవా జీవితకాలపు మౌనాన్ని విప్పుతుంది. ఆమె ఆరోపణలకు రెండు ముఖాలున్నాయి. మొదటిది తల్లి గైర్హాజరు. సాధన చేసుకునే గది బయట తలుపు దగ్గర కూర్చుని, విరామంలో తల్లి బయటికి వస్తుందేమోనని చూసిన బాల్యం అది. రెండవది అందుకు విరుద్ధమైనది. ఎవాకు పద్నాలుగేళ్ళ వయసులో నడుంనొప్పి వల్ల కచేరీలు మానుకున్న షార్లెట్ ఇంట్లో ఉండిపోయింది. వాడకం లేని తన శక్తినంతా కూతురిని తీర్చిదిద్దడంలో పెట్టింది. వ్యాయామాలు, పంటి కడ్డీలు, కత్తిరించిన జుట్టు, చదవవలసిన పుస్తకాలు. గైర్హాజరు కన్నా ఈ హాజరే భయంకరంగా ఉందని ఎవా అంటుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు ప్రేమించిన యువకుడి వల్ల కలిగిన గర్భాన్ని తల్లి ఒత్తిడితో తొలగించుకోవలసి రావడం ఈ వరుసలో చివరిది. తల్లి దగ్గర ఉంటే చాలు అన్నీ చక్కబడతాయన్న సాధారణ విశ్వాసాన్ని ఈ రెండో ఆరోపణ కూలదోస్తుంది. ఉద్యోగం చేసే తల్లిని చిత్రం శిక్షిస్తున్నదన్న వాదానికి సమాధానం కొంతవరకు ఇక్కడ దొరుకుతుంది. ఇంట్లో కూర్చున్న తల్లి కూడా ఎవాను రక్షించలేదు కదా.

ఈ గతస్మృతులను బెర్గ్‌మన్ చూపిన తీరు వేరు. దూరం నుంచి, కదలిక లేని కెమెరాతో, మాటలు వినిపించకుండా, గుమ్మాలకు ఆవల చిన్నవిగా కనిపించే మనుషులతో అవి చిత్రపటాల వలె ఉంటాయి. చిన్నారి ఎవాగా కనిపించేది దర్శకుడికీ లివ్ ఉల్‌మన్‌కూ పుట్టిన కూతురు లిన్. వర్తమానంలో మాత్రం ముఖం తెరనంతటినీ ఆక్రమిస్తుంది. జ్ఞాపకంలో శబ్దం లేదు, దూరం ఉంది. వర్తమానంలో దూరం లేదు, మాట ఉప్పెనలా ఉంది. ఈ వ్యత్యాసం వల్ల ప్రేక్షకుడు ఒక సంగతి తెలుసుకుంటాడు. ఎవా చెబుతున్న గతాన్ని అతడు స్వయంగా విని ధ్రువీకరించుకోలేడు. ఆమె మాట మీదే నమ్మాలి.

షార్లెట్ వింటుంది. మొదట వాదిస్తుంది, తేదీలు గుర్తు చేస్తుంది, తానూ సుఖపడలేదంటుంది. క్రమంగా ఆమె సమాధానాలు ఆగిపోతాయి. తన తల్లి తనను తాకిన జ్ఞాపకమే లేదని, అనురాగాన్ని సంగీతంలో తప్ప మరొక చోట చూపడం తెలియలేదని ఒప్పుకుంటుంది. చివరికి నేలపై వాలి, తనను దగ్గరకు తీసుకోమని కూతురిని అడుగుతుంది. ఎవా తీసుకోదు. కూతురే తల్లికి జన్మనివ్వడం అనే ఊహ నుంచి ఈ చిత్రం మొలకెత్తిందని బెర్గ్‌మన్ తన సినిమాలపై రాసిన పుస్తకంలో చెప్పాడు. ఆ ఊహ ఈ క్షణందాకా వచ్చి ఆగిపోయింది. తల్లి బిడ్డగా మారింది. కూతురు తల్లి కాలేదు. ఈ ఒక్క నిరాకరణతో సాక్షి, ముద్దాయి అన్న హద్దు చెరిగిపోతుంది. ఎవా కోపం న్యాయమైనదే, అయినా వినవలసిన సమయంలో ఆమె కూడా వినలేదు.

అడగని ప్రశ్న

ఎవా తండ్రి యోసెఫ్ గతస్మృతులలో కనిపిస్తాడు. సౌమ్యుడు, నిస్సహాయుడు, భార్య రాకకై ఎదురుచూసే భర్త. ఇంట్లో ఎవా పక్కన ఉన్నది ఆయనే. బిడ్డ కుంగిపోతుంటే ఆయన ఏం చేశాడు? రాత్రంతా సాగిన ఎవా ఆరోపణల్లో ఈ ప్రశ్న ఒక్కసారీ రాదు. తండ్రి కూడా బాధితుడే అన్నట్టు ఆమె మాట్లాడుతుంది. అతను ఇంట్లో ఉండటమే సద్గుణమైంది, ఆమె ఇంట్లో లేకపోవడమే పాపమైంది. ఈ అసమానతను చిత్రం ఎవా మనస్తత్వంగా చూపుతున్నదా, లేక దర్శకుడు కూడా దానిని గమనించలేదా అన్నది నిర్ధారించడం కష్టం. చిత్రంలో దీన్ని ప్రశ్నించే పాత్ర ఏదీ లేదు కనుక రెండవ సందేహాన్ని పూర్తిగా తోసివేయలేం. స్త్రీవాదుల అభ్యంతరం ఇక్కడ నిలుస్తుంది.

భారతీయ చిత్రం ఒకటి ఈ ఖాళీని పూరించింది. ఋతుపర్ణ ఘోష్ బెంగాలీలో తీసిన 'ఊనిశె ఏప్రిల్' ఉత్తమ కథాచిత్రంగా 42వ జాతీయ చలనచిత్ర పురస్కారాన్ని, కథానాయిక దేబశ్రీ రాయ్ ఉత్తమ నటి పురస్కారాన్ని పొందాయి. విమర్శకులు తరచుగా దీనిని 'ఆటమ్ సొనాటా'తో పోలుస్తారు. తల్లి సరోజిని ప్రసిద్ధ నర్తకి, ఈ పాత్రధారిణి అపర్ణా సేన్. కూతురు అదితి వైద్యురాలు. తండ్రి వర్ధంతి రోజున ఒక ఇంట్లో, ఒక రాత్రిలో ఇద్దరి మధ్య దాచుకున్నదంతా బయటపడుతుంది. నిర్మాణం పోలికగా ఉన్నా, తండ్రి విషయంలో ఘోష్ దారి మార్చాడు. భార్య కీర్తిని భరించలేని భర్త న్యూనతాభావం అదితికి తెలియవస్తుంది. తాను ఆరాధించిన తండ్రి బొమ్మకు మరొక వైపు ఉందని ఆమె వినవలసి వస్తుంది, వింటుంది కూడా. బెర్గ్‌మన్ చిత్రంలో ముందుగా తీర్పు, ఆపైన పశ్చాత్తాపం. ఘోష్ చిత్రంలో సాక్ష్యాన్ని మళ్ళీ విచారించే అవకాశం ఉంది. కళాతీవ్రతలో మొదటిది ఎత్తయినది కావచ్చు. కుటుంబ న్యాయం గురించిన ఆలోచనలో రెండవది మరింత పరిణతమైనది.

హెలెనా

రాత్రి ఘట్టం కొనసాగుతుండగా మేడమీద హెలెనా మంచం మీద నుంచి నేలపైకి జారి, పాకుకుంటూ గది బయటికి వచ్చి తల్లిని పిలుస్తుంది. కింద తల్లీకూతుళ్ళు తమ తమ బాధలో మునిగి ఉన్నారు. హెలెనా మాటకు స్పష్టమైన అక్షరాలు లేవు. పగటిపూట ఎవా ఆ శబ్దాలను తల్లికి అనువదించి చెబుతుంది. ఆ అనువాదం ఎంత నిజమో షార్లెట్‌కు తెలియదు, ప్రేక్షకుడికీ తెలియదు. మొదటి కలయికలో షార్లెట్ తన చేతిగడియారాన్ని తీసి హెలెనా మణికట్టుకు కడుతుంది. కాలం తప్ప ఇంకేమీ కొదవ లేని బిడ్డకు, కాలం ఎన్నడూ ఇవ్వని తల్లి ఇచ్చిన కానుక! చెల్లెలికి ఇంత సేవ చేసే ఎవా కూడా, ఆమె ఇంట్లో ఉన్న సంగతిని తల్లికి ముందుగా రాయకుండా దాచి ఉంచింది. హెలెనాపై ప్రేమ నిజం. ఆమెను తల్లి ముందు నిలిపిన తీరులో ఆయుధ ప్రయోగం కూడా ఉంది. లీనా నీమన్ నటనలో ఈ పాత్ర కేవలం సంకేతంగా మిగిలిపోకపోవడం విశేషం.

రెండవ ఉత్తరం

మరునాడు షార్లెట్ తన ఏజెంట్ పాల్‌తో రైలులో ప్రయాణిస్తుంది. కిటికీ అవతల ఇళ్ళలో దీపాలు వెలుగుతుంటాయి. ఆ వెలుగులకు తాను బయటిదాన్నన్న భావం ఆమెను ఒక క్షణం తాకుతుంది. వెంటనే హెలెనా గురించి నిర్దయగా మాట్లాడుతుంది, ఆపైన రాబోయే కచేరీల ప్రస్తావన. మార్పు వచ్చిందని చెప్పడానికిగాని, రాలేదని చెప్పడానికిగాని దర్శకుడు ఆధారం ఇవ్వడు. అదే సమయంలో ఎవా కొడుకు సమాధి ఉన్న స్మశానవాటికలో ఉంటుంది.

ఇంటికి వచ్చి ఆమె తల్లికి ఉత్తరం రాస్తుంది. ప్రేమతో ఎదురుగా రావలసినచోట డిమాండ్లతో వచ్చానని, తప్పు తనదేనని, క్షమించమని కోరుతుంది. ఇంకా ఆలస్యం కాలేదన్న ఆశను వదులుకోనంటుంది. ఈ ఉత్తరాన్ని సయోధ్యగా చూసినవారున్నారు, తల్లి చుట్టూ తిరిగే పాత అలవాటుకు ఎవా మళ్ళీ లొంగిపోయిందని చూసినవారూ ఉన్నారు. రెండు వాదాలకూ ఆధారాలు సమానంగానే ఉన్నాయి. ఉత్తరం వినిపిస్తుండగా కూతురి ముఖం, తల్లి ముఖం తెరపై కనిపిస్తాయి. షార్లెట్ ముఖం ఉత్తరాన్ని అందుకున్న ముఖమా, ఎవా ఊహించుకున్న ముఖమా అన్నది తేలదు. దాన్ని పోస్టులో వేయకముందు చదివేది విక్టర్. మొదటి ఉత్తరం రాస్తున్నప్పుడు భార్యకు తెలియకుండా గుమ్మం దగ్గర నిలబడి చూసినవాడే రెండవ ఉత్తరాన్ని ఇప్పుడు చేతిలో పట్టుకుని చదువుతాడు, మడిచి కవరులో పెడతాడు.